మూడు ఖాళీ గళ్లు

మేస్త్రీ అమ్మిరాజు మీద చిట్టియ్యకి ఉన్న కోపం ఇవాళ్టిది కాదు. అయితే బీమా ఆఫీసు వరండాలో, ఒకే బల్ల మీద పక్కన కూర్చుని, వాడు సంచిలోంచి అరటిపండు తీసి తొక్క ఒలుస్తూ "తింటావేంట్రా?" అని అడిగినప్పుడు మాత్రం, ఆ కోపం గొంతు దాకా వచ్చి దగ్గయి కూర్చుంది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. అమ్మిరాజు బల్ల చివరికి జరిగాడు.

"అటు తిరిగి దగ్గరా బాబూ. పిల్లలున్నవాణ్ని."

గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి కూర్చున్న చిట్టియ్య పెళ్లాం వీరవేణి ఆ మాట విని తలెత్తింది. మళ్లీ దించేసుకుంది.

పొద్దున్న తొమ్మిదింటికి వచ్చారు. పన్నెండవుతోంది. కడియం నుంచి రాజమండ్రికి బస్సులో ఇద్దరికీ రూపాయిన్నర అయింది. తిరిగి వెళ్లడానికి మరో రూపాయిన్నర వీరవేణి కొంగుచివర ముడిలో ఉంది. అది తీసి టీ తాగితే నడిచి పోవాలి. నడిచే ఊపిరి చిట్టియ్యకి లేదు.

ఆగస్టు మొదట్లో అతనికి నెత్తురు పడింది. పదకొండేళ్లుగా కాలవ గట్టు మీది పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పని. రోజుకి ఎనిమిది రూపాయలు. ఆ ఎనిమిదిలోంచే బీమాకని వారం వారం పట్టుకునేవాళ్లు. ఎందుకు పట్టుకుంటున్నారో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. బీమా డాక్టరు ఛాతీ ఫోటో తీయించి "ఊపిరితిత్తులు, ఏడాది పాటు సూదులు, పనిలోకి వెళ్లకూడదు" అని కార్డు మీద రాశాకే తెలిసింది. పనిలేని రోజుకి మూడు రూపాయల ఎనభై పైసలు ఇస్తారట. కూలికి సగం కూడా కాదు, ఇరవై పైసలు తక్కువ. అయినా ఆ డబ్బు వచ్చినన్నాళ్లూ రెండు పూటలా గంజి తాగారు, కోడిగుడ్డు కూడా ఓసారి చూశారు.

కిందటి వారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జబ్బు డబ్బు తీసుకున్నవాళ్ల లెక్కలన్నీ తిరగతోడుతున్నారు. చిట్టియ్య జబ్బు పేరు చెప్పి డబ్బు తీసుకున్న రోజుల్లోనే ఫ్యాక్టరీలో హాజరు పడి ఉంది. విచారణకు రావలెను. ఫ్యాక్టరీ తరఫున మేస్త్రీ హాజరు మస్టరు పట్టుకుని రావలెను.

హాజరు ఎలా పడిందో ముగ్గురికీ తెలుసు.

ఆ ఫ్యాక్టరీలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. పొద్దున్నే బిళ్ల మేస్త్రీకి ఇస్తే హాజరు, సాయంత్రం తీసుకుంటే పని అయినట్టు. బిళ్ల నాలుగు రోజులు ఇంట్లో కొయ్యకి వేలాడిందా, ఐదోరోజు అది వేరేవాడిది. అందుకని ఎవరైనా మంచాన పడితే ఇంట్లోంచి మరో మనిషి ఆ బిళ్ల పట్టుకుని వెళ్లడం అక్కడ ఆనవాయితీ. దాన్ని బిళ్ల నిలబెట్టడం అంటారు. ఎవరూ తప్పనుకోరు. అన్న బదులు తమ్ముడు, మామ బదులు అల్లుడు వెళ్లినవాళ్లే అందరూ. చిట్టియ్యకి అన్నదమ్ములు లేరు. నలభై ఆరో నంబరు బిళ్ల మొలతాడు నుంచి తన చేత్తోనే విప్పి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆ విప్పడం తలుచుకున్నప్పుడల్లా అతని వేళ్లు ఇప్పటికీ నడుము దగ్గరికి పోతాయి.

అప్పటికి వీరవేణికి ఐదో నెల. పెళ్లయిన ఏడేళ్లకి నిలిచిన కడుపు.

అమ్మిరాజు ఆమెని మట్టి తట్టల దగ్గర పెట్టాడు. మస్టరులో నలభై ఆరో నంబరుకి మగకూలి ఎనిమిది రాశాడు. ఆమె చేతిలో ఆడకూలి ఐదు పెట్టాడు. "ఆడమనిషికి ఎనిమిదిస్తే షావుకారు నన్ను బట్టీలో పెట్టి కాలుస్తాడమ్మా" అని నవ్వాడు. ఆ షావుకారు గున్నేశ్వరరావు గారు రామచంద్రపురంలో ఉంటారు. నెలకోసారి కారులో వచ్చి పెంకుల లెక్క చూసుకుని పోతారు. మనుషుల లెక్క అమ్మిరాజుది.

"నలభై ఆరు, చిట్టియ్య!" లోపలినుంచి పిలిచారు. ఇక్కడ కూడా బిళ్ల నంబరే ముందు.

లేస్తుంటే అమ్మిరాజు చెయ్యి పట్టుకున్నాడు. జేబులోంచి బిళ్ల సగం తీసి చూపించి మళ్లీ లోపల వేసుకున్నాడు.

"ఒరే, నీ బిళ్ల ఎవరికీ ఇవ్వలేదు. నా దగ్గరే భద్రంగా ఉంది. నేనే వెళ్లానండి, తప్పయిపోయిందండి అనెయ్. కాగితం మీద గీకెయ్. నెలకింత చొప్పున కోసుకుంటారు, అంతే కదా. జబ్బు తగ్గాక నీ పని నీకుంటుంది. పెళ్లాం వచ్చిందన్నావో, ఆవిడ మీద దొంగపేరు కేసు, నీ మీద కేసు. నేనైతే చూడలేదంటాను."

చిట్టియ్య తలాడించాడు. రాత్రంతా ఆలోచించి అతను అనుకుని వచ్చిందీ అదే. డబ్బు పోతే పోయింది, బిళ్ల మిగలాలి.

ఆఫీసరు నాగేశ్వరప్రసాద్ గారు చెడ్డమనిషిలా లేరు. బల్ల మీద ఫైళ్లు ఆయన గడ్డం ఎత్తున ఉన్నాయి. కూర్చోమన్నారు. ఇంతకాలంలో ఆఫీసువాడెవడూ అతన్ని కూర్చోమనలేదు.

"ఏమయ్యా, ఆగస్టు ఆరు నుంచి పనిలోకి వెళ్లావా?"

"వెళ్లానండి."

"నెత్తురు కక్కుకుంటూ మట్టి తట్టలు మోశావా?"

"మోశానండి. తప్పయిపోయిందండి."

"అయ్యగారూ, కష్టపడే మనిషండి," అన్నాడు అమ్మిరాజు. "ఇంట్లో కూర్చోమంటే వినడండి."

ఆఫీసరు మస్టరు తిప్పారు. "డబ్బు రసీదుల మీద గుండ్రంగా సంతకం చేశావు. ఇక్కడ శనివారం శనివారం వేలిముద్రలున్నాయేంటి?"

చిట్టియ్య మూడో తరగతి దాకా చదివాడు. ఫ్యాక్టరీలో సంతకం పెట్టగలిగిన ఎనిమిది మందిలో ఒకడు. అది అతని గొప్ప.

"చెయ్యి వణికిందండి," అన్నాడు, అమ్మిరాజు ముందే నేర్పిన మాట.

"సరే. ఆదివారాలకి సెలవని ఎర్రసిరా ఉంది. పంద్రాగస్టుకీ ఉంది. ఇరవై ఎనిమిది దాకా పంతొమ్మిది హాజర్లు. ఆ తర్వాత ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. ఈ మూడు గళ్లూ ఖాళీ. మళ్లీ సెప్టెంబరు ఒకటి నుంచి నాలుగు హాజర్లు. ఆ మూడు రోజులూ ఎందుకెళ్లలేదు?"

ఈ ప్రశ్న అమ్మిరాజు నేర్పలేదు.

"ఏదో ఇంటిపని ఉండుంటుందండి," అందుకున్నాడు అమ్మిరాజు.

ఆఫీసరు గుమాస్తా చేత కాగితం రాయించారు. చిట్టియ్య ముందు పెట్టి కలం మూత తీసి ఇచ్చారు. "చదువుకుని సంతకం పెట్టు. కేసు లేకుండా వాయిదాల్లో కోయిస్తాను. సూదులూ ఆగవు, మిగతా డబ్బూ ఆగదు. నేను చెయ్యగలిగింది ఇంతే."

ఇంకొకడైతే చదవకుండా పెట్టేవాడు. చిట్టియ్య చదివాడు, అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. 'ఇరవైమూడు దినములు పనిచేసితిని.' సరే. 'జబ్బు సొమ్ము అన్యాయముగా పొందితిని.' సరే, అదీ మింగాడు. వేలు కింది వరుసకి వచ్చింది. 'మధ్యన మూడు దినములు సొంత పనిమీద హాజరు కాలేదు.'

వేలు అక్కడ ఆగిపోయింది.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం వీరవేణి బిళ్ల తెచ్చి గూట్లో పెట్టి, నడుము నొప్పిగా ఉంది మావా అని గోడ వారన పడుకుంది. తెల్లారేసరికి పక్కింటి రత్తమ్మ వచ్చి చిట్టియ్యని మంచంతో సహా బయటికి జరిపించింది. పొద్దెక్కాక రత్తమ్మ బయటికొచ్చింది. చేతిలో తట్ట ఉంది. వీరవేణి మట్టి మోసే తట్టే. మీద అతని పాత లుంగీ ముక్క కప్పి ఉంది. "మగపిల్లాడు నాయనా" అని ఒక్క మాట చెప్పి కాలవ గట్టు వైపు వెళ్లింది. చిట్టియ్య వెంట వెళదామని లేచి, నాలుగడుగులు వేసి, దగ్గు తెర వచ్చి అక్కడే కూలబడ్డాడు. ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ అతనికి తెలీదు. అడగలేదు.

మూడో రోజు అమ్మిరాజు కబురు పంపాడు. రేపు రాకపోతే బిళ్ల వేరేవాళ్లకి. నాలుగో రోజు వీరవేణి వెళ్లింది. నాలుగు రోజులు మోసింది. ఐదోనాడు జ్వరంతో మట్టిగోతిలో పడితే ఇద్దరు పట్టుకొచ్చి ఇంటి దగ్గర దింపారు.

"పెట్టవయ్యా," అన్నారు ఆఫీసరు.

"సొంత పని కాదండి," అన్నాడు చిట్టియ్య.

"ఏంటి?"

"అదేదో మాట లెండి అయ్యగారూ," అన్నాడు అమ్మిరాజు. "గీకరా."

"ఆ మూడు రోజులూ రాలేనిది నేనండి."

అందరూ గుమ్మం వైపు చూశారు. వీరవేణి లోపలికి ఒక్క అడుగు వేసి నిలబడింది.

"బిళ్ల పట్టుకెళ్లింది నేనండి బాబుగారూ. మట్టి మోసింది నేనండి. నాకిచ్చింది ఐదండి, ఎనిమిది కాదండి. ఆ మూడు రోజులూ నాకు కడుపు పోయిందండి."

గుమాస్తా రాస్తున్నది ఆపేశాడు. అమ్మిరాజు లేచాడు.

"చూశారాండి? ఇప్పుడు పెళ్లాన్ని దింపాడండి. ఆడమనిషి పేరు మా మస్టరులో ఎక్కడైనా ఉందేమో చూడండి!"

"ఎలా ఉంటుందండి? మీరు రాస్తే కదండీ ఉండేది," అంది వీరవేణి. "ఆ ముద్రలు నావండి. వేలేస్తాను, చూసుకోండి."

ఎవరూ వెయ్యమనకుండానే ఊదా సిరా డబ్బాలో బొటనవేలు అద్ది తెల్లకాగితం మీద గట్టిగా నొక్కింది. ఆఫీసరు ఆ కాగితాన్ని మస్టరు పక్కన పెట్టి, భూతద్దం తెప్పించుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఆమె చెయ్యి చాపమని వేలు చూశారు.

వేలు మీద గీతల్లేవు. మట్టీ ఇసకా కలిసి పెళ్ళై వచ్చిన నాటి నుంచీ అరగదీసిన వేలు అది. కాగితం మీద పడింది ముద్ర కాదు, ఊదారంగు మచ్చ. మస్టరులో ఉన్నదీ అలాంటి మచ్చే. దాని పైన ఉన్న నలభై ఐదూ, కింద ఉన్న నలభై ఏడూ అలాంటి మచ్చలే.

"ఇది ఎవరిదైనా కావచ్చమ్మా," అన్నారు ఆఫీసరు మెల్లిగా. "హైదరాబాదు పంపితే నిపుణులు చూస్తారేమో. ఈపాటి సొమ్ముకి ఎవరు పంపిస్తారు?" భూతద్దం పక్కన పెట్టారు. "నువ్వు చెప్పేది నిజం కాదని నేననను. కానీ నా ముందున్నది మస్టరు. చిట్టియ్యా, ఇంకోసారి ఆలోచించుకో. సంతకం పెట్టకపోతే పైకి రాయాలి. అక్కడ తేలేదాకా ఇవాళ్టి నుంచి డబ్బు ఆగిపోతుంది."

గదిలో ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. చిట్టియ్య వీరవేణి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. సిరా అంటిన వేలిని కొంగుకి తుడుచుకుంటోంది. అది పోవడం లేదు.

అతను కలానికి మూత పెట్టాడు. బల్ల మీద, మస్టరు పక్కన, నెమ్మదిగా పెట్టాడు.

"పెట్టనండి."

"ఆ ఒక్క వాక్యం తీసేయిస్తాను, పోనీ."

"అది తీసేస్తే ఆ మూడు రోజులూ ఏమీ జరగనట్టే కదండీ," అన్నాడు చిట్టియ్య. "వాడికి ఇంకెక్కడా రాతల్లేవండి. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు. ఆ మూడు గళ్లేనండి ఉన్నవి. నేను పెట్టను."

ఆఫీసరు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. గుమాస్తాతో "సంతకానికి నిరాకరించినాడు అని రాయండి" అన్నారు. గుమాస్తా రాశాడు.

వరండాలో అమ్మిరాజు ఎదురొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. జేబు తట్టి చూపించాడు.

"రేపట్నుంచి నలభై ఆరుకి వేరే మనిషిని పెట్టుకుంటాను. తర్వాత నా గుమ్మంలోకి వచ్చి ఏడవకు."

చిట్టియ్య ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. వీరవేణి అతని వీపు నిమురుతూ, అమ్మిరాజు మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

"మీ పిల్లలు చల్లగా ఉండాలండి మేస్త్రీగారూ," అంది.

అందులో శాపం లేదు. అందుకేనేమో అమ్మిరాజు నిలబడలేకపోయాడు. మస్టరు చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

ఇరవై రోజులకి పైనుంచి ఉత్తరువు వచ్చింది. చిట్టియ్య గుమ్మంలో కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టి పెళ్లానికి చదివి వినిపించాడు. హాజరు పడిన ఇరవైమూడు దినములకు, దినమునకు రూ. 3-80 చొప్పున, ఎనభై ఏడు రూపాయల నలభై పైసలు తిరిగి కట్టవలెను. కట్టువరకు సొమ్ము నిలుపుదల. మస్టరులో హాజరు లేని మూడు దినములకు వసూలు లేదు.

"ఆ ఆఖరిది మళ్లీ చదువు," అంది వీరవేణి.

మళ్లీ చదివాడు.

"అంటే ఏంటి మావా?"

"ఆ మూడు రోజుల డబ్బూ మనదేనంట. ఉంచుకోమన్నారు."

"ఎంత?"

చిట్టియ్య నేల మీద వేలితో గుణించాడు. తప్పేమోనని చెరిపి మళ్లీ గుణించాడు.

"పదకొండు రూపాయల నలభై పైసలు."