టీవీ గేమ్ బావ, చేతి గేమ్ బావమరిది

పాత వీడియో గేములు బాగుచేసే ఆ కొట్టుకి బోర్డు లేదు. బోర్డు అక్కర్లేదు కూడా. లోపలి నుంచి అరుపులు వినిపిస్తుంటే అదే కొట్టని వీధిలో అందరికీ తెలుసు. అరిచేది ఇద్దరే. ఒకరు బావ. అరవైకి రెండేళ్లు తక్కువ, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని దానికోసమే బల్లంతా వెతుక్కునే మనిషి. రెండోవాడు ఆయన భార్యకి స్వయానా తమ్ముడు. నలభై నాలుగేళ్లొచ్చినా బావ దృష్టిలో ఇంకా నిక్కర్లేసుకునే వయసే.

ఇద్దరికీ బల్ల ఒకటే, పని మాత్రం వేరు. టీవీకి తగిలించి ఆడే పాత పెట్టెలన్నీ బావవి. చేతిలో పట్టుకుని ఆడేవన్నీ బావమరిదివి. ఎవరైనా లోపలికొచ్చి, "రెంటిలో ఏది మంచిదండీ?" అని పొరపాటున అడిగారో, ఆ పూట వాళ్ల పని అయినట్టే.

"టీవీ గేమంటే ఇంట్లో మనిషి లాంటిదయ్యా," అని మొదలెట్టేవాడు బావ. "కుదురుగా ఒకచోట కూర్చుంటుంది. బ్యాటరీ అయిపోయిందని మధ్యలో కన్నుమూయదు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. నువ్వు ఓడిపోతే మీ చెల్లెలు పడీ పడీ నవ్వుతుంది. మీ నాన్న 'ఇలా తే, నీకు రాదు' అని లాక్కుంటాడు. ఆయనా ఓడిపోతాడు. అదీ ఆటంటే! చేతి గేమ్ పట్టుకున్నవాడు మూలన చేరి తనలో తను గొణుక్కుంటాడు. చూసేవాళ్లు వీడికి గాలిగానీ సోకిందా అనుకుంటారు."

"ఇంటిల్లిపాదీ చేరతారు, నిజమే," అనేవాడు బావమరిది. "చేరి సీరియల్ పెట్టమంటారు. నీకు టీవీ దొరికేసరికి నిద్రొస్తుంది. అదే చేతి గేమయితే బస్సులో ఆడుకో, డాక్టరు దగ్గర వరసలో కూర్చుని ఆడుకో, దుప్పట్లో దూరి ఆడుకో. ఓడిపోయినా మూడో కంటికి తెలీదు."

"మూడో కంటికి తెలియకపోతే అది ఆటెలా అవుతుందిరా?"

"నీ పరువు బజార్న పడితేనే ఆటా బావా?"

పక్క కొట్లో తాళాలు చేసే ఆయన ఆకురాయి పక్కన పడేసి మరీ వినేవాడు. చివరికి బావ ఎప్పుడూ ఒకే అస్త్రం తీసేవాడు. "మూడేళ్లలో నేను బాగుచేసిన పెట్టె ఒక్కటి తిరిగొచ్చిందా? నీవి నెలకి రెండైనా తిరిగొస్తాయి. అక్కడే తెలియట్లా, ఏది గట్టి సరుకో?" దాంతో బావమరిది నోరు మూతపడేది. బావ ఆ రోజంతా మీసం మెలేస్తూ తిరిగేవాడు.

ఇంతకీ ఆయనకి చేతి గేములంటే అంత మంట ఎందుకో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. కనీసం ఆయన అలా అనుకునేవాడు.

మూడేళ్ల క్రితం ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరు చూసి ప్రాణానికేం భయం లేదన్నాడు, పోయేదీ కాదన్నాడు. బావ ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ ముందు ఏడుస్తుంది, తర్వాత "చేసింది చాల్లెండి, ఇంట్లో కూర్చోండి" అంటుంది. ఆ రెండో మాటంటేనే ఆయనకి హడల్. పద్దెనిమిదో ఏట పట్టుకున్న పని ఇది. ఆ బల్ల ముందు కుర్చీ లేకపోతే పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలో ఆయనకి నిజంగా తెలియదు.

టీవీ పెట్టెలతో ఎలాగో నెట్టుకురావచ్చు. వాటి స్క్రూలు పెద్దవి, లోపల బోర్డు అరచేయంత వెడల్పు ఉంటుంది. మణికట్టు చెక్కముక్క మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, సీసం కరిగించి రెండు అతుకులు వేసేయొచ్చు. చేతి గేముల్లో అలా కాదు. ఆవగింజంత స్క్రూలు, గోరంత తీగలు. ఒకరోజు అలాంటి స్క్రూ ఒకటి నాలుగుసార్లు చేజారి కింద పడ్డాక బావ దాన్ని బల్ల మీద విసిరికొట్టి, "ఈ అగ్గిపెట్టెల జోలికి ఇక నేను రాను! ఇవీ ఒక ఆటలేనా?" అని కొట్టు దద్దరిల్లేలా అరిచాడు. మర్నాటి నుంచీ బావమరిది వాటిని వెనకేసుకొచ్చాడు. పోట్లాట అక్కడ పుట్టింది.

ఓ మంగళవారం బావమరిది పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. బావ ఒంటరిగా కూర్చుని, అరవడానికి ఎవరూ లేక దిక్కులు చూస్తున్నాడు. పదకొండింటికి బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది, చంకలో టీవీ పెట్టె ఉంది.

"బాబాయ్‌గారూ, పోయిన నెల మీరు బాగుచేశారే, అదే ఇది."

బావ చటుక్కున పెట్టె అందుకున్నాడు. "ఏం, మళ్లీ శబ్దం పోయిందా?"

"అబ్బే, శబ్దం భేషుగ్గా ఉంది. మా అమ్మాయి కండక్టరాట ఆడుతూ క్యాసెట్టు పెట్టే సందులో టికెట్టు దూర్చింది. రానంటోంది."

బావ హాయిగా ఊపిరి పీల్చుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. "ఎదుటి పక్షం వారు లేరా ఇవాళ?"

"పన్ను పీకించుకోవడానికి పోయాడు. ఇన్నాళ్లకి వాడి నోటికి సరైన వైద్యం జరుగుతోంది."

ఆవిడ పకపకా నవ్వింది. "ఆయనుంటే అడుగుదామనుకున్నా. డిపోలో మధ్యాహ్నం గంట ఖాళీ దొరుకుతుంది. చేతి గేమొకటి తీసుకుందామా అని. మీరేమంటారు?"

ఏమంటాడు? ఒంటికాలి మీద లేచాడు. మెడనొప్పి వస్తుందన్నాడు, కళ్లు పోతాయన్నాడు, బ్యాటరీ సరిగ్గా గెలవబోయే ముందే చస్తుందన్నాడు. అడ్డం పడేవాడు లేక వాదన ఉప్పు లేని కూరలా చప్పగా సాగింది. "మూడేళ్లలో నా పెట్టె ఒక్కటి తిరిగి..." అంటూ పైమూత ఎత్తి బోర్డు వైపు చూశాడు.

పోయిన నెల ఆయన ఇందులో శబ్దానికి సంబంధించిన కెపాసిటర్లు రెండు మార్చాడు. అవే ఉన్నాయి. పక్కనే ఆయన ఎర్రసిరాతో పెట్టుకున్న చుక్క కూడా ఉంది. లోపం దొరికిన చోట ముందు చుక్క పెట్టి, తర్వాత అతకడం ఆయన అలవాటు. కానీ ఆ అతుకులు ఆయనవి కావు.

నలభై ఏళ్లు అతికినవాడికి అతుకు చేతిరాతే. నున్నగా, గుండ్రంగా, తళతళలాడుతున్న అతుకులవి. అతికే వేడి ఐరన్ పైకి తీసిన వైపు సీసం ఒక చిన్న మొనలా మిగులుతుంది. బావ అతికితే అది కుడివైపుకి ఉంటుంది. ఈ నాలుగు అతుకులకీ ఎడమకి ఉంది. కొట్లో ఎడమచేత్తో పనిచేసేవాడు ఒక్కడే.

"ఏమైంది బాబాయ్‌గారూ? పాడైందా?"

"లేదమ్మా," అన్నాడు బావ. "చాలా బాగుంది."

పట్టుకారుతో టికెట్టు లాగి ఆవిడ చేతిలో పెట్టాడు. మూత బిగించి పెట్టె అందించాడు. ఆవిడ లేస్తూ, "మరి చేతి గేమ్ వద్దంటారా?" అని అడిగింది.

"తీసుకోమ్మా. రేపొచ్చి మావాడి దగ్గరే తీసుకో. వాడు దగ్గరుండి మంచిది ఎంచి ఇస్తాడు." ఆవిడ ఆయన్ని వింతగా చూసి వెళ్లింది. తాళాలాయన పక్క కొట్లోంచి మెడ సాచి మరీ చూశాడు.

ఆవిడ వెళ్లగానే బావ అరలో ఉన్న పెట్టెలు దింపాడు. బాగై, తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నవి ఐదున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి విప్పాడు. నిన్న పన్ను నొప్పితో బావమరిది తొందరగా వెళ్లిపోయాక, సాయంత్రం తను ముగించిన ఒక్కదాంట్లో మాత్రం తన అతుకులున్నాయి. గడ్డలు కట్టి, బోర్డు మీద పక్క తీగ గీతలోకి కారి, చూడ్డానికే సిగ్గేసేలా ఉన్నాయి. మిగతా నాలుగింట్లోనూ ఆయన ఎర్రచుక్కలు, బావమరిది అతుకులు.

బావకి తల కొట్టేసినట్టయింది. రోజూ ఆరింటికి వాడు, "నువ్వెళ్లు బావా, ఆఖరి పరీక్ష నేను చూసి కొట్టు మూసేస్తా" అంటే, పోనీలే పెద్దవాణ్నని గౌరవం అనుకున్నాడు. ఇదన్నమాట ఆఖరి పరీక్ష! తిరిగిరాని పెట్టెల గురించి తను కోతలు కోస్తుంటే, వాటిని తిరిగిరాకుండా చేసినవాడు ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాడు. పైగా నీవి తిరిగొస్తాయని వాణ్నే ఎగతాళి చేశాడు. పగలు తన పని, సాయంత్రం ఈయన పని చేసేవాడివి నెలకి రెండు తిరిగి రాక ఏమవుతాయి? అది తలుచుకుంటే ఆయనకి ఎక్కడికైనా వెళ్లి మొహం దాచుకోవాలనిపించింది. నలుగురి ముందు ఓడితేనే ఆటని ఊరంతా చాటినవాడు, తన ఓటమి మాత్రం మూడో కంటికి తెలియకుండా జేబులో పెట్టుకు తిరిగాడు.

మధ్యాహ్నమంతా ఆయన ఏ పనీ ముట్టుకోలేదు. అన్నం డబ్బా కూడా విప్పలేదు. నాలుగైనప్పటికి ఒక నిర్ణయానికొచ్చాడు. గౌరవంగా తప్పుకోవాలి. ఇక ఇంట్లో కూర్చోవాలి.

ఐదింటికి బావమరిది వచ్చాడు. బుగ్గ బూరెలా ఉబ్బింది, నోటినిండా దూది. బల్ల మీద విప్పి పరిచిన ఐదు పెట్టెల్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు బావ.

వాడు మాట్లాడలేక మూడు వేళ్లు చూపించాడు.

"మూడు నెలలా?"

తల అడ్డంగా ఊపాడు.

మూడేళ్లన్నమాట! తను దాస్తున్నాననుకున్న మొదటి రోజు నుంచే వీడికి తెలుసు. "అంటే, ఆ రోజు నేను స్క్రూ పారేసుకుని ఎగిరిన మర్నాడు చేతి గేములంటే నీకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చిందే, అదీ అందుకేనా?"

బావమరిది నేల చూపులు చూశాడు. వాడి ఇంట్లో ఉన్నది టీవీ గేమేనని, వాడూ పెళ్లామూ పిల్లలూ ఆదివారం దాని ముందే కొట్టుకుంటారని బావకి అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు చూశాడో! చూసి కూడా ఒక్కసారి ఆలోచించలేదు.

"సరే," అని బావ జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు చేసింది నేను మర్చిపోనురా. కానీ ఒకడి పని ఇంకొకడు దొంగచాటుగా చేస్తుంటే వాడికి కుర్చీ ఎందుకు? రేపట్నుంచి నేను రాను. మీ అక్కకి నేనే చెప్పుకుంటాను."

బావమరిది నోట్లోంచి దూది పీకి చెత్తబుట్టలో కొట్టాడు. మూడేళ్లు ఉత్తుత్తి పోట్లాటే చేసినవాడికి అప్పుడొచ్చింది అసలు కోపం.

"రాకపోతే చుక్క ఎవడు పెడతాడు?" అన్నాడు, బుగ్గ పట్టుకుని, మాట సరిగా రాక. "ఐరన్ పట్టుకోవడం ఎవడికైనా వస్తుంది. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసా? నువ్వు టీవీలో బొమ్మ చూసి, చెవి ఆనించి విని, ఇదీ జబ్బంటావ్. నాకు అవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి బావా. పోయిన వేసవిలో నువ్వు వారం రోజులు పెళ్లికెళ్తే ఒక్క పెట్టె బాగుచెయ్యలేక అందరికీ వాయిదాలు చెప్పి పంపించా. మూడేళ్లుగా నీ చుక్క ఉన్నచోటే అతుకుతున్నా. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి, తప్పైందేమో చూపించు, నేనే మానేస్తా!"

పెదవి చివర నెత్తురు చారొకటి వచ్చింది. బావ లేచి పైగుడ్డ తీసి తుడవబోయి, చెయ్యి గుర్తొచ్చి వాడికే ఇచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లజోడు ఉంటే కొంత కనపడకుండా ఉండేది, అది నుదుటి మీదుంది.

"దూది పీకేశావ్ కదరా, వెధవా," అన్నాడు. "డాక్టరు గంటసేపు ఉంచమన్నాడా లేదా?"

"రెండు గంటలు."

బావ కొత్త దూది వెతికిచ్చాడు, విప్పిన పెట్టెలకి మూతలు బిగించాడు. నిన్నటిది మాత్రం అలాగే ఉంచాడు. ఆరైంది. బావమరిది అలవాటు కొద్దీ చేత్తో గుమ్మం వైపు చూపించాడు, ఇక నువ్వు బయల్దేరమని. బావ కదల్లేదు. కుర్చీ లాక్కుని వాడి ఎడమపక్కకి జరిగి కూర్చున్నాడు.

"నువ్వు అతికేదేదో నా ముందే అతుకు," అన్నాడు.

వాడు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి ఐరన్ వేడెక్కబెట్టాడు. బావ సన్నటి టార్చి లైటు తీసి బోర్డు మీదికి పట్టుకున్నాడు. గడ్డలు కట్టిన అతుకులు ఒక్కొక్కటే కరిగి మళ్లీ గుండ్రంగా కూర్చోవడం మొదలెట్టాయి. లైటు వెలుగు మాత్రం బోర్డు మీద నిలవడం లేదు.

"లైటు కదుపుతున్నావ్ బావా," అన్నాడు దూదిలోంచి.

"కదపడం కాదురా," అన్నాడు బావ. "నా చెయ్యి వణుకుతోంది."

"అలాగే పట్టుకో," అన్నాడు బావమరిది తలెత్తకుండా. "నాకు కనిపిస్తోంది."