బ్యాటరీకి మూరెడు దూరంలో

మోచేతిని బ్యాటరీకి ఆనించి, ఎర్ర వైరు వెంట చెయ్యి చాచాడు మొహియుద్దీన్. నడిమివేలు తాకిన చోట సుద్దతో గీత పెట్టాడు. యాంప్లిఫైయర్‌కు కరెంటు తీసుకుపోయే వైరుకు ఫ్యూజు ఆ గీత లోపలే పడాలి. కోరుట్లలో కార్లకు పాటల పెట్టెలు బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, మూర కొలిచే పిచ్చి ఈయనొక్కడికే.

సకల జనుల సమ్మె రోజులు. ఊరంతా బంద్. పదకొండుకల్లా జగిత్యాల ఊరేగింపులో ఈ జీపు ముందుండాలి, పాట మోగాలి. షెడ్డులో ఉన్న ఒకే ఒక్క ఫ్యూజు బిగిస్తుంటేనే విరిగింది.

"రాగితీగ సుట్టు చాచా, గంటసేపే గద," అన్నాడు జీపు నడిపే వినోద్.

"సుట్టను."

"ఏంది, తెలంగాణకు అడ్డం పడుతున్నవా?"

ఆ మాట గుచ్చుకుంది. నెల రోజులు దీక్ష టెంటులో కూర్చున్న మనిషి మరి. భార్య అజీజాబీకి కూడా పదేళ్లుగా చెప్పని సంగతి అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"దేవయ్య కారు కొండగట్టు తొవ్వల కాలింది యాదికున్నదా? అందరు ఆయన నసీబ్, ఆయన రాత అన్నరు. నసీబ్ గాదు, నేను. ఫ్యూజు ఎనుక డిక్కీల పెట్టిన. ముందల వైరు రేకుకు ఒరుసుకుంటే ఆపేటిది లేకపాయె. రెండు చేతులు కాలినయి. ఇయ్యాల్టికి అన్నం కలుపుకోరాదు ఆయనకు."

వినోద్ రాగితీగను పక్కన పడేశాడు.

స్పేర్ పార్టుల ఆగయ్య దుకాణం ఊరి అవతలి కొసన. ఆటోలు లేవు, జీపు బ్యాటరీ విప్పి ఉంది. బంద్ చేయించే వినోద్‌ను చూస్తే ఆగయ్య జడిసి షటరు ఎత్తడు. అందుకని మొహియుద్దీనే ఎండలో నడిచి వెళ్లి ఫ్యూజు తెచ్చాడు. వచ్చేసరికి పెదవులు తెల్లబడ్డాయి. ఊపిరి అందకుండానే గీత దగ్గర బిగించి, "నడువు" అన్నాడు. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత గోడకు చేరగిలబడ్డాడు.

ఊరేగింపు నడుమ పాట ఆగిపోయింది. అందరూ చాచాను తిట్టారు. వినోద్ బానెట్ ఎత్తి చూశాడు. తొందరలో వైరు దూరే రేకు బెజ్జానికి రబ్బరు వేయడం మరిచాడు ముసలాయన. వైరు ఇనుప అంచుకు ఒరుసుకుని లోపలి రాగి బయటపడింది. ఫ్యూజు మాడింది. అంతే, ఇంకేదీ అంటుకోలేదు. వెనక సీట్లలో ఎనిమిది మంది ఇంకా నినాదాలిస్తూనే ఉన్నారు.

ఎవరికీ ఏమీ కాలేదని చాచాకు చెప్పాలని మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. షెడ్డు ముందు జనం. అన్నం తెచ్చిన అజీజాబీ పిలిస్తే లేవలేదట.

"నిద్రపోయిండనుకున్న," అంటోంది ఆమె, వచ్చినవాళ్లందరితో అదే మాట.

వినోద్ ఏడ్చాడు. పొద్దున జీపు నిలిచిన చోట, పని చేసేటప్పుడు ఆయన మోకాళ్ల కింద వేసుకునే గోనెసంచి పడి ఉంది. అందులో రెండు గుంటలు ఇంకా చదును కాలేదు.