ఎడమ బాక్సు మింగిన పాటలు

పొద్దున షటర్ లేపగానే ప్రేమలత అంజన్న పటానికి అగరొత్తి వెలిగిస్తుంది. ఆ వెంటనే సామాను సరిచూసుకుంటుంది, రాత్రికి రాత్రి ఎవడన్నా ఏమన్నా మార్చేశాడేమోనని. సగం దండం, సగం అనుమానం. అట్లా తెల్లవారుతుంది ఆమెకు. శివనగర్‌లో మైకుసెట్ల దుకాణం ఆమెది. పెళ్లికైనా భజనకైనా ఆంప్లిఫయరు, బాక్సులు కిరాయికి పంపుతుంది. వాటిని నడిపేవాడు అనిల్. రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వస్తాడు.

ఈమధ్య ఏ ఫంక్షన్‌కు పోయినా మొదట్లోనే ఎడమ బాక్సు మూగబోతోంది. బాగుచేయించి తెస్తే మళ్లీ అదే వరస. అనిలే ఆంప్లిఫయరులోని మంచి ట్రాన్సిస్టర్లు పీకి అమ్ముకుని డూప్లికేట్లు బిగిస్తున్నాడని ఆమె అనుమానం. మొన్న రిపేరైనప్పుడు ఎవరికీ చెప్పకుండా వాటి మీద గోళ్లరంగు చుక్కలు కూడా పెట్టింది. ఇయ్యాల సద్దుల బతుకమ్మ, కాలనీ గ్రౌండులో బుకింగు ఉంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో మధు అనే ఇంకో ఆపరేటరును సిద్ధంగా ఉండమంది. దొంగతనం తేలితే అనిల్‌కు ఇదే ఆఖరు రోజు.

స్టేషన్ రోడ్డులో ఓంప్రకాశ్ రిపేరు షాపు ముందు ఆంప్లిఫయరు, రెండు బాక్సులతో ఆటో ఆగింది.

"ఎన్ని పాటలు మింగిందో అక్కా, నా బండి ఎన్కకు కుంగింది," అన్నాడు ఆటో అతను, అనిల్‌తో కలిసి ఎడమ బాక్సు దించుతూ.

మీరే చెప్పండి, బయటికి రాని పాట ఎక్కడికి పోతుంది? బాక్సులోనే ఉంటుంది. బరువు పెరగదా మరి?

ఓంప్రకాశ్ ముందుగా పాట వచ్చే వైర్లను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు. అయినా ఎడమ బాక్సే పలకలేదు. "మైకుది గాదు, వైరుది గాదు చెల్లే. రోగం ఆంప్లిఫయరు లోపల, ఎడమ దిక్కే." కరెంటుకు, ఆంప్లిఫయరుకు నడుమ ఒక బల్బు కలిపి స్విచ్ వేశాడు. బల్బు భగ్గున వెలిగింది. "షార్టే. లోపల మంచిగుంటే ఇంత వెలగదు."

మూత విప్పగానే ప్రేమలత తల దూర్చింది. గోళ్లరంగు చుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రంగుదేముంది, ఎవడన్నా కొనుక్కోవచ్చు అనుకుంది.

"చెల్లే, నీ నీడ పడుతాంది, జర జరుగు."

"కానియ్యన్నా. నేను చూస్తనే ఉంట."

"నన్ను గూడనా?"

ఆమె జరగలేదు. ఓంప్రకాశ్ బోర్డు లేపాడు. కింద జిగటగా మరక, దాని చుట్టూ చీమలు.

"ఏదో తియ్యటి నీళ్లు పడ్డయి. ఆ తడికే ట్రాన్సిస్టర్ పోయింది."

"చాయ్," అంది ప్రేమలత అనిల్ వైపు చూస్తూ. "దీనిమీదనే గ్లాసు పెట్టుకుంటవు గదా?"

"నేను చాయే తాగనక్కా. నీకెరికే."

"నేను లేనప్పుడు తాగుతవేమో."

అనిల్ బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఓంప్రకాశ్ మరక తుడిచి, కొత్త ట్రాన్సిస్టర్ వేశాడు. ఈసారి బల్బు ఒక్కసారి వెలిగి సన్నగిల్లింది. "ఎడమ బాక్సు కలుపుతున్న. ఆగినయన్నీ వస్తయి, ఓపిక పట్టున్రి." పక్క పాన్‌డబ్బా ఆయన తన రేడియో ఆపేశాడు.

బాక్సులోంచి ముందుగా చుయ్‌మని ఓ చప్పుడు. వెంటనే ప్రేమలత గొంతు: "ఈ కొబ్బరినీళ్లు నీకే తండ్రీ, ఏ ఆటంకం రానియ్యకు."

తర్వాత ఎవరిదో పెళ్లిపాట. అదయ్యాక మళ్లీ చుయ్, మళ్లీ అదే మొక్కు, ఆపైన భజన. మళ్లీ చుయ్.

ఫంక్షన్ ఏదైనా, సెట్టు ఆన్ చేయగానే కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఆంప్లిఫయరు మీద చిలకరించడం ఆమె ఆనవాయితీ. భక్తిలో లోపం లేదు. కానీ దేవుడు తనకు అభిషేకం అడిగాడేమో గానీ, ఆంప్లిఫయరుకు అడగలేదు.

చివర్లో సన్నగా అనిల్ గొంతు వినిపించింది. కుడి బాక్సు సౌండు పూర్తిగా తగ్గించి, ఎడమది ఒక్కటే చూసుకుంటూ మైకులో అన్న మాట: "అంజన్నా, ఇయ్యాలన్న పలకనియ్యి. అక్క నన్ను దొంగలెక్క చూస్తాంది."

ఆ మాటతో బాక్సు ఖాళీ అయింది. అనిల్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రేమలత ఫోను మోగింది.

"అక్కా, మధును. బయలుదేరమంటవా?"

"వద్దు తమ్మీ," అంది ఆమె, చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మాకు ఆపరేటర్ ఉన్నడు."

సాయంత్రం గ్రౌండులో బతుకమ్మలు వరసగా చేరాయి. అనిల్ ఎడమ బాక్సును ఒంటిచేత్తో లేపి స్టాండు మీద పెట్టాడు. ప్రేమలత కొబ్బరికాయతో వచ్చి, సెట్టుకు దూరంగా ఆగింది.

"అనిల్, ఇక్కడ కొట్టొచ్చా?"

అనిల్ ఆంప్లిఫయరు వైపు చూశాడు, ఆమె చేతిలోని కాయ వైపు చూశాడు.

"ఇంకొంచెం అటు పో అక్కా."

ఆమె అటు జరిగింది.