డిసెంబరు తూకం

గోపాలపట్నంలో హైవే పక్కనున్న ఒక కాంప్లెక్సులో, కింది అంతస్తులో కొరియర్ కౌంటరు నడిపేది కేథరిన్. పొద్దున షట్టరు ఎత్తుతుంది. రాత్రి పేరుకున్న దుమ్ము తుడుస్తుంది. తూకం మిషన్ని సున్నాకి తెస్తుంది. టేపు రోలు కొస ఎక్కడుందో గోటితో వెతుక్కుంటుంది. బయట చుట్టలు చుట్టిన స్టీలు కాయిళ్ళు వేసుకుని ట్రైలర్లు వెళ్తుంటే కౌంటరు అద్దం సన్నగా వణుకుతుంది. మధ్యాహ్నం దాకా పార్సిళ్ళకన్నా ఫోన్లే ఎక్కువ. "మేడం, నా పార్సిలు ఎక్కడుంది?" రోజు మొత్తమ్మీద ఆమెతో చాలామందే మాట్లాడతారు. అందరూ అడిగేది ఆ ఒక్క మాటే.

డిసెంబరు రాగానే ఆమె తూకం మిషన్ని బల్ల కిందికి దించి, కొలత టేపు పైకి తీస్తుంది. ఆ నెల పార్సిలుకి బరువును బట్టి కాకుండా పొడవు వెడల్పులను బట్టి డబ్బు తీసుకోవాలని కంపెనీ ఎప్పుడో చెప్పేసింది. కానుకల తూకం వేరు కదా. ఇచ్చే మనిషి పుచ్చుకునే మనిషి గురించి ఎంత ఆలోచిస్తే కానుక అంత బరువెక్కుతుంది. ఇచ్చేవాళ్ళ చేతికి ఆ బరువు తెలియదు. మోసేవాళ్ళకీ, పుచ్చుకునేవాళ్ళకీ తెలుస్తుంది. పండగ వెళ్ళిన రెండు మూడు రోజులకి అది దిగిపోయి, వస్తువు తన మామూలు బరువుకి వచ్చేస్తుంది. అందుకే డిసెంబరులో డెలివరీ వాళ్ళందరూ నడుముకి బెల్టు కట్టుకుంటారు.

పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే యేసుదానం చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి కౌంటరు మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది.

"ఏటుందండీ ఇందులో?" అంది కేథరిన్.

"సూదులమ్మా. పద్మనాభంలో మా అక్కకి కళ్ళు ఆనడం లేదు. దారం ఎక్కించుకోలేకపోతంది. అన్నిటికీ ఎక్కించీసి పెట్టాను."

"డ్యూటీలోనా?"

"మరేటి సేత్తాం. లారీకీ లారీకీ మజ్జిన ఓటి ఎక్కించీవోణ్ణి."

ఆ పొట్లాన్ని వ్యాను దాకా ఇద్దరు మోశారు. ఖర్చయింది చూస్తే ఒక దారపుండా, ఒక సూదుల పొట్లం.

ఎదురు వరసలో మొబైల్ షాపు ఉమామహేష్‌ది. అతను అమ్మే గిఫ్టు కార్డుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరికి ఏది కావాలో ఆలోచించే పని లేకుండా కొనేవి కాబట్టి వాటికి కాగితం బరువు కూడా ఉండదు. చేతిలోంచి జారితే పైకి పోతాయి. డిసెంబరు మొత్తం అతని కొట్లో ఫ్యాను తిరగదు. బూజు కర్ర ఒకటి ఎప్పుడూ గుమ్మానికి ఆనించి ఉంటుంది, సీలింగుకి అంటుకున్న కార్డుల్ని కిందికి లాగడానికి.

కింది అంతస్తు కొట్లవాళ్ళు ఏటా పేర్ల చీటీలు తీసి, ఎవరి పేరొస్తే ఆ క్రిస్మస్ ఫ్రెండుకి కానుక ఇస్తారు. చర్చికి వెళ్ళేది కేథరిన్ ఒక్కతే అయినా ఆటలో అందరూ ఉంటారు. ఈసారి చీటీలు తీసే ముందు ఉమామహేష్ చేతులు జోడించాడు.

"పోయినేడు కేథరిన్ మేడం నాకు సిమ్ము పిన్ను దారానికి కట్టిచ్చారు. రోజూ పారేసుకుంటన్నానని సూసీసినట్టున్నారు. మంచిదే. ఎత్తబోతే నా నడుం పట్టీసింది. ఈసారి అందరం కార్డులే ఇచ్చీసుకుందాం. ఎవలిక్కావల్సింది వాళ్ళు కొనుక్కుంటారు. బుర్ర పాడుసేసుకోడం ఎందుకు?"

"నీ కొట్లో కార్డులేనా?" అంది నసీమా.

"మరి నా కొట్లోవి కాపోతే ఎవరి కొట్లోవి, నసీమక్కా?"

అందరూ నవ్వి ఒప్పుకున్నారు. నసీమాది కౌంటరు పక్క కొట్టు. ఫాల్సు, పికో, పాత బట్టలకి సైజులు సరిచెయ్యడం. రోజూ వన్‌టౌన్ నుంచి బస్సులో వస్తుంది. రెండు కొట్లకీ మధ్య గోడ ఒక్కటే కాబట్టి ఆమె కుట్టు మిషను చప్పుడు కేథరిన్‌కి పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. ఇద్దరి మధ్యా నడిచిన మాటలు మాత్రం "చిల్లరుందా?", "కరెంటు మీకూ పోయిందా?" ఇంతవరకే.

గుండ్రటి రాత కేథరిన్‌ది కాబట్టి చీటీలు ఆమే రాసింది. డబ్బా చేతులు మారుతూ చివరికి ఆమె దగ్గరికి వచ్చింది. లోపల చెయ్యి పెడితే వేళ్ళకి ఒట్టి రేకే తగిలింది. తన పేరు రాసుకోవడం మరిచిపోయిందన్నమాట. చెయ్యి మూసి, చీటీ తీసినట్టే బయటకి తీసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా అనలేదు. అంటే మళ్ళీ అన్నీ కలిపి మొదటినుంచి తియ్యాలి. ఎవరి బేరం వాళ్ళకుంది.

ఆ సాయంత్రం కొరియర్ యజమాని ఫోన్ చేశాడు. విజయవాడలో పెద్ద గోడౌను తెరుస్తున్నారు, కొత్త సంవత్సరం మొదటి తారీఖుకల్లా ఎవరైనా వెళ్ళాలి. "నీకు ఇక్కడ ఎవరూ లేరు కదమ్మా, అందుకే ముందు నిన్నే అడుగుతున్నా" అన్నాడు. చెడ్డగా అన్న మాట కాదు. అమ్మ పోయాక ఆ మాట నిజం కూడా. కాదనడానికి కారణం వెతికింది. దొరక్క సరేనంది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వరండాలో కార్డులు ఇచ్చుకున్నారు. చేతిలో పెట్టడం ఆలస్యం, ఒక్కొక్కటే పైకి లేచి సీలింగుకి అంటుకుంది. ఉమామహేష్ బూజు కర్రతో గెంతుతుంటే అందరూ ఫోన్లు తీసి వీడియో పట్టారు. ఎవరూ కేథరిన్‌కి ఏం వచ్చిందని అడగలేదు. అందరూ పైకి చూస్తున్నారు.

ఆమె వెనక్కి వచ్చి కౌంటరు సర్దుతుంటే నసీమా లోపలికి వచ్చింది. చంకలో పాత పేపర్లో చుట్టిన మూట ఉంది. తువ్వాలు పెట్టినంత తేలిగ్గా దాన్ని బల్ల మీద పెట్టబోయి, ఏదో తోచి, కింద నేల మీద పెట్టింది. నేల ధడాలుమంది. వరండాలో నవ్వులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

"నాది కార్డు కాదమ్మా, ఏటనుకోకు" అంది.

"నా పేరు మీకు రాలేదు కదక్కా."

"నీ పేరు ఎవరికీ రాలేదు. నా తరవాత డబ్బాలో సెయ్యి పెట్టింది నువ్వే. కాళీ సెయ్యి తీసావు. నువ్వు సూసుకున్నావు, నాను సూసాను."

కేథరిన్ మూటని ఎత్తబోయింది. కదల్లేదు. అక్కడే కూర్చుని పేపరు విప్పింది. బొంత. లైనింగు గుడ్డలు, చీర అంచులు, చుడీదారు కత్తిరింపులు, ఆ వరండాలో అందరి బట్టల ముక్కలూ ఉన్నాయందులో. దగ్గర దగ్గరగా చేత్తో వేసిన కుట్లు.

"మిషను మీద కుట్టలేదేటి?"

"మిషను సప్పుడు నీకినిపిస్తది కదా, తెలిసిపోద్దని. బస్సులో కుట్టీదాన్ని." నసీమా కొంచెం సిగ్గుపడింది. "నువ్వు అన్నం నిలబడి తింటావు. గోడవైపు తిరిగి తింటావు. మా గుమ్మంలోంచి అద్దంలో కనిపిస్తది. కూర్సుని తింటావని."

"ఒక్కదానికి ఇంత పెద్దదా?"

"ఇద్దరం కూర్సుంటామని కుట్టాను. అలవాటు లేపోతే వద్దులే."

కేథరిన్ తలెత్తలేదు. అంచు మీద వేలు రాస్తూ, "నాను ముప్పయ్యొకటిన విజయవాడ ఎల్లిపోతన్నానక్కా. అక్కడికి మార్చీసారు" అంది.

పేపరు ముక్కలు ఏరుతున్న నసీమా చేతులు ఆగాయి. "అలాగా," అంది. ఆ తరవాత, "మరైతే అట్టుకెల్లు. ఎక్కడ కూర్సున్నా అన్నమే కదా" అని కొట్టు కట్టేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

పండగ వెళ్ళింది. యేసుదానం సూదులు ఈపాటికి సూదుల బరువుకి వచ్చేసి ఉంటాయి. బొంత మాత్రం దిగలేదు. రోజురోజుకీ పెరిగింది. గోడ అవతల కుట్టు మిషను ఉన్నట్టుండి ఆగిపోయేది. అది ఆగినప్పుడల్లా ఇవతల బొంత కింద టైలు చిట్లేది. ఆ రోజుల్లో మిషను తరచూ ఆగింది. ఎప్పటిలాగే నిలబడి, గోడవైపు తిరిగి తింది కేథరిన్. వెళ్ళిపోయే మనిషి కొత్త అలవాటు చేసుకుని ఏం లాభం అనుకుంది.

ముప్పయ్యొకటో తారీఖు మధ్యాహ్నం ఆటో వచ్చింది. ఆమె సామానంతా ఒక సూట్‌కేసు, ఒక బ్యాగు, ఒక వంటసామాను సంచి. అవి ఎక్కాక ఆటోడ్రైవరూ ఉమామహేషూ చెరో వైపూ బొంత పట్టారు.

"ఇది బొంతా, స్టీలు కాయిలా?" ఉమామహేష్ చెమట తుడుచుకున్నాడు. "మేడం, క్రేను పిలవండి. పోర్టులో మనోళ్ళున్నారు."

"వదిలీండి మేడం," అన్నాడు డ్రైవరు. "బెజవాడలో దుప్పట్లు దొరకవేటి? రైలు టైమైపోతంది."

కేథరిన్ వెళ్ళి ఆటోలో కూర్చుంది. డ్రైవరు స్టార్టు చేశాడు. గోడ అవతల మిషను ఆగింది. కొరియర్ కౌంటరులో ఇంకో టైలు చిట్లిన చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది. ఆమె ఆటో దిగి మొదటిసారి నసీమా కొట్లోకి వెళ్ళింది. నసీమా ఎవరిదో జాకెట్టు చేతులు విప్పుతోంది. తల ఎత్తలేదు.

"అక్కా, నువ్వయితే ఎత్తగలవు. ఆటోలో పెడతావా?"

నసీమా జాకెట్టు పక్కన పెట్టింది. కౌంటరులోకి వెళ్ళి బొంతని మడిచి మోచేతి మీద వేసుకుంది, ఆరేసిన బట్ట తీసుకున్నట్టు. ఆటో వెనక సీట్లో పెట్టింది. ఆటో ముందు చక్రం గాల్లోకి లేచింది.

"అమ్మా, తియ్యండి, తియ్యండి! యాక్సిల్ పోద్ది!" డ్రైవరు అరిచాడు.

తీసి మళ్ళీ మోచేతి మీద వేసుకుంది. అలాగే రోడ్డు పక్కన నిలబడింది. ట్రైలర్లు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

"కంగారేటి లేదు" అంది నసీమా. "నాను పట్టుకుని పక్కన కూర్సుంటే ఆటోకి బరువుండదు. స్టేషనుకి నానొస్తాను. రైల్లో కూడా నానే పెట్టీగల్ను." ఆగింది. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు కాదు, కొలత అడిగినట్టే అడిగింది: "అక్కడ దింపీదెవరే?"

కేథరిన్ ఒక పేరు చెప్పాలని చూసింది. గోడౌను మేనేజరు పేరు కూడా తనకింకా తెలియదు. విజయవాడ స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఎవరినైనా పిలిచి, ఇది కొంచెం దింపండి అనడం ఊహించుకుంది. ఎందరు వచ్చినా అది దిగదు. అంతమందిలో నసీమా ఉండదు.

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె సూట్‌కేసు దించింది. తరవాత బ్యాగు. వంటసామాను సంచి ఉమామహేష్ దించాడు, ఏమీ అడక్కుండానే. డ్రైవరు వచ్చినంత దూరానికి కిరాయి తీసుకుని, ఎన్‌ఏడీ జంక్షను వైపు వెళ్ళేవాళ్ళెవరో ఎక్కితే వెళ్ళిపోయాడు.

కేథరిన్ అక్కడే నిలబడి యజమానికి ఫోన్ చేసింది. రాలేకపోతున్నానని చెప్పింది. ఆయన గట్టిగానే అడిగాడు, టికెట్టు కూడా తీశాక ఇప్పుడు ఏమొచ్చిందని.

"సామాను లేవట్లేదండీ" అంది.

డిసెంబరు నెల కాబట్టి ఆయన ఇంకేమీ అడగలేదు.