వలందుల దీపపు దిబ్బ

కోడూరు దాటి, కరకట్ట దిగి, సరివి తోటల మధ్య నుంచి వెళితే ఆఖరున వచ్చే ఊరు మా గవ్వలపాలెం. ఆ తర్వాత సముద్రమే. మాఘ పౌర్ణమి స్నానాలకు వచ్చే జనం తప్ప ఒకప్పుడు మా ఊరి పేరు ఎత్తినవాళ్ళు లేరు. రెండువేల ఒకటో సంవత్సరంలో ఎవరో కంపెనీవాళ్ళు తీరం వెంట స్థలం తీసుకుని కాటేజీలు కట్టారు. అప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, గుడివాడ నుంచి, బందరు నుంచి కార్లు రావడం మొదలైంది.

నా భర్త పున్నారావు ఆ రిసార్టులో గైడు. పూర్వం చేపల వేటకు వెళ్ళేవాడు. బందరు దగ్గర గిలకలదిండిలో బోటు మీద పనిచేస్తున్నప్పుడు తాడులో పడి కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. వేట మానేశాక చాలాకాలం ఊరికే కూర్చున్నాడు. మాట నేర్పున్న మనిషి కాబట్టి మేనేజరు నరేంద్ర గారు పిలిచి, వచ్చినవాళ్ళకు ఊరు చూపించే పని ఇచ్చారు. నీలం చొక్కా, మెడలో ఈల. ఆ ఉద్యోగం వచ్చినరోజు నేను వేణుగోపాలస్వామికి కొబ్బరికాయ కొట్టాను.

ఊరికి తూర్పున ఒక ఇసక దిబ్బ ఉంది. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినవాళ్ళను అక్కడ ఒకే గోతిలో పూడ్చారు. మా పేటవాళ్ళు, క్రైస్తవుల పేటవాళ్ళు, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవాళ్ళు అందరూ కలిసిపోయారు. చాలామందిని గుర్తుపట్టే వీలు లేకపోయింది. శిలువ వేస్తే ఒకళ్ళది అవుతుంది, దీపం పెడితే ఇంకొకళ్ళది అవుతుంది. అందుకని అప్పటి పెద్దలూ పాస్టరు గారూ కూర్చుని, దాని మీద ఏ గుర్తూ పెట్టకూడదని అనుకున్నారు. ఏటా ఉప్పెన వచ్చిన రోజున ప్రతి ఇంటివాళ్ళూ తమ గడప ముందు ఇసక దోసెడు తీసుకెళ్ళి అక్కడ పోసి వస్తారు. పాట ఉండదు, మంత్రం ఉండదు. మిగతా దిబ్బలు గాలికి కరిగిపోతుంటే అదొక్కటి ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు దాని మీదికెక్కితే సముద్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కనిపిస్తుంది. రిసార్టువాళ్ళ కన్ను పడింది కూడా అందుకే.

నా పెద్ద కూతురు నాంచారి ఆ దిబ్బలోనే ఉందని నేను నమ్మాను. ఉప్పెన నాటికి దానికి నాలుగేళ్ళు. నేను పురుడికి గిలకలదిండిలో పుట్టింట ఉన్నాను. పిల్లను మా అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాను. చంటివాణ్ణి ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి ఊరు లేదు. అత్తగారు లేరు. నా భర్త నన్ను దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి, "ఎర్ర గౌనుతోనే దించాను లక్ష్మీ, నా చేతుల్తోనే," అన్నాడు.

రిసార్టువాళ్ళు దిబ్బ మీద కొలతల మేకులు పాతినప్పుడు ఊళ్ళో అందరం కంగారు పడ్డాం. పున్నారావు లోపలికి వెళ్ళి వచ్చాడు. "అంతా చెప్పాను. దిబ్బ జోలికి రారు," అన్నాడు. అతని మాట మీద ఇళ్ళకు వెళ్ళిపోయాం.

కార్తీకంలో ఒక ఆదివారం అతను కారియరు మర్చిపోయి వెళ్ళాడు. పట్టుకెళ్ళాను. దిబ్బ దగ్గర గుడివాడ వాళ్ళెవరికో ఏదో చెబుతున్నాడు. వాళ్ళ పిల్లలు దిబ్బ మీది నుంచి కిందికి జారి ఆడుతున్నారు.

"ఈ ఒక్కటే ఇంత ఎత్తెలా వచ్చిందండీ?" అని బట్టతలాయన అడిగాడు.

"అది పెద్ద కథండీ బాబూ. బందర్లో వలందపాలెం చూశారు గదా. ఆ వలందులే, అంటే డచ్చోళ్ళన్నమాట. వాళ్ళ ఓడలకి దారి తెలియాలని ఇక్కడ దీపం పెట్టేవాళ్ళండి. దీన్ని వలందుల దీపపు దిబ్బ అంటారు."

"ఎవరంటారు?" అంది ఆయన భార్య. "మా మావయ్యగారిది అవనిగడ్డే. ఆయనెప్పుడూ అన్లేదే."

"అవనిగడ్డోళ్ళకి సముద్రం సంగతేం తెలుసండీ. వాళ్ళు చేపని కూరలోనే చూస్తారు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నన్ను చూశాక కూడా చెప్పడం ఆపలేదు. దీపానికి ఎంత నూనె పట్టేదో, దాన్ని ఎవరు పోసేవారో చెప్పుకుంటూ వెళ్ళాడు. నేను కారియరు అక్కడే ఇసకలో పెట్టి ఆఫీసుకి వెళ్ళాను.

నరేంద్ర గారు మర్యాదగా కూర్చోమన్నారు.

"దిబ్బ మీద సిమెంటు గొడుగులు, బల్లలు వేస్తున్నామమ్మా. రేపే గుంటలు తీస్తారు. అక్కడ కూర్చుని టీ తాగుతూ సముద్రం చూడొచ్చు."

"అక్కడ మా వాళ్ళున్నారు బాబూ," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఉప్పెన సంగతి చెప్పాను. ఆయన ముఖం మారింది.

"పున్నారావుని అడిగాకే గదమ్మా ప్లాను గీయించాం. 'ఏం లేదండీ, ఒట్టి ఇసక, వలందుల కాలం నాటిది' అన్నాడు. నేనూ వెళ్ళి చూశాను. మనుషుల్ని పెట్టిన చోటైతే ఒక రాయన్నా ఉంటుంది గదా?"

ఏ గుర్తూ లేకపోవడమే మా గుర్తని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం పున్నారావు ఆ కారియరు తెరవకుండానే పట్టుకుని ఇంటికి వచ్చాడు. అన్నం పెట్టాను. వేళ్ళు పోయినప్పటి నుంచి చెంచాతో తింటాడు.

"మాకు చెప్పానన్నావు. వాళ్ళకి చెప్పలేదు," అన్నాను.

"శవాల మీద కూర్చుని ఎవరు బజ్జీలు తింటారే? ఆ మాట చెబితే ఇదంతా ఎత్తేసి ఇంకో ఊరికి పోతారు. మన కుర్రాళ్ళు ఎంతమంది తోట పనికీ వంట పనికీ కుదిరారో నీకు తెలీదా?"

"వాళ్ళ పని నిలబడాలంటే దిబ్బ తవ్వాలా?"

"లోతుగా తవ్వరు. గొడుగు కాడకి ఎంత గుంట కావాలి?"

"ఆ గుంట నాంచారి మీద పడితే?"

చెంచా పక్కన పెట్టాడు.

"నాంచారి అందులో లేదు," అన్నాడు. "అమ్మ దొరికింది. పిల్ల దొరకలేదు. నువ్వు పచ్చి బాలింతవి. ఏదో ఒక చోటు చూపించకపోతే బతకవనిపించింది. చూపించాను."

"ఎర్ర గౌను?"

"నేను కల్పించి అన్నదే."

బాలింత ప్రాణం నిలబెట్టడానికి ఆడిన అబద్ధం పాపం కాదని పెద్దలు అంటారు. నేనూ కాదనను. కానీ ఆ చంటివాడు, మా అంజి, మీసాలొచ్చి గిలకలదిండిలో బోటెక్కి వేటకు వెళ్తున్నాడు. ఇప్పటిదాకా ఆ అబద్ధాన్ని ఎందుకు దాచినట్టు? ప్రతి కార్తీకంలో ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, ఇసక పోస్తూ మనసులో నా కూతురితో మాట్లాడాను. నీ తమ్ముడు నడిచాడే, వాడికి అమ్మవారు పోసి తగ్గిందే అని చెప్పుకున్నాను. అదంతా ఎవరు విన్నారు? స్వామి వినే ఉంటాడు. విని ఆయన కూడా ఇతనిలాగే ఊరుకున్నాడా? ఆ సాయంత్రం దీపం వెలిగించి, ఏం అడగాలో తోచక చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తెల్లవారి కూలీలు గునపాలతో వచ్చారు. గుంటల సంగతి తెలిసి ఊరంతా దిబ్బ చుట్టూ చేరింది. క్రైస్తవుల పేట నుంచి ధనమ్మ వచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులను తనే ఆ గోతిలోకి దించింది. నన్ను ముందుకు తోసింది.

"నువ్వు చెప్పు వదినా. ఏడో తరగతి దాకా చదివావు."

పున్నారావు మేనేజరు పక్కన నిలబడి ఉన్నాడు. నరేంద్ర గారు నన్నే అడిగారు.

"మీ వాళ్ళెవరమ్మా ఇందులో ఉన్నది? ఖచ్చితంగా తెలిస్తేనే చెప్పండి. నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి."

నా భర్త నా వైపు చూశాడు. నా కూతురు ఉందంటే చాలు, ఊరంతా అవునంటుంది. అతను కూడా కాదనడు. దిబ్బ నిలుస్తుంది. కానీ అప్పుడు అతని అబద్ధం నాది అవుతుంది.

"నా కూతురు లేదండి," అన్నాను. "ఉందని ఇన్నేళ్ళూ ఈయన చెప్పాడు. లేదని నిన్న చెప్పాడు. ధనమ్మ కొడుకులు ఉన్నారు. మా అత్తగారు ఉన్నారు. అంటే ఈయన తల్లి."

నరేంద్ర గారు అతని వైపు తిరిగారు.

"మీ అమ్మగారా?"

పున్నారావు మెడలో ఈలను పట్టుకుని నేల వైపు చూశాడు. కూలీల్లో పెద్దవాడు గునపం కింద పెట్టి తలగుడ్డ తీశాడు.

"ఆపండి," అన్నారు మేనేజరు గారు. గొడుగులు సరివి తోట వైపు వేయిస్తామన్నారు. పున్నారావును ఇక గైడు పనికి రావద్దన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేకపోయారు.

తిరిగి వెళ్తుంటే ధనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా పిల్లలకి నీ పిల్ల తోడుందనుకునేదాన్ని వదినా," అంది. "ఆ మాట అందరి ముందూ చెప్పకపోతేనేం?"

పేటలో కొందరు అసలు నాతో మాట్లాడడం మానేశారు. మగడి పని పోగొట్టిందన్నారు.

మూడో రోజు పొద్దున్నే నేనే అడిగాను.

"ఎక్కడెక్కడ వెతికావు?"

"కరకట్ట పొడుగునా. కోడూరు దాకా చేలన్నీ తిరిగాను. నాగాయలంకలో ఒక బడిలో పిల్లల్ని పెట్టారన్నారు."

"శవాలనా?"

"కాదు. బతికున్నోళ్ళని. అయినవాళ్ళు వచ్చేదాకా అక్కడుంచారు."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బడి మాట నా చెవిన పడలేదు.

"వెళ్ళావా?"

"వెళ్ళాను. మన పిల్ల లేదు."

"ఎవర్ని అడిగావు?"

"ఎవరో పంతులమ్మ. పేరు గుర్తులేదు."

వెళ్ళాడేమో. నిజంగానే అడిగాడేమో. లేక అప్పటికే అలసిపోయి, దారిలోనే వెనక్కి తిరిగాడేమో. అతని ముఖంలో వెతికితే ఏదీ తెలియలేదు. చీర మార్చుకుని, చేతిసంచిలో రెండు అరటిపళ్ళు వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

"ఇన్నేళ్ళకి ఆ బడిలో ఎవరుంటారే?" అన్నాడు.

"పంతులమ్మ లేకపోతే వంటమ్మ ఉంటుంది. బడి పక్కన ఇళ్ళుంటాయి. అడుగుతాను."

బస్సు హారను వినిపించింది. అతను లేచి గబగబా చొక్కా తొడుక్కోబోయాడు.

"ఉండు, నేనూ వస్తాను."

"వద్దు," అన్నాను. "నువ్వు పక్కనుంటే వాళ్ళు చెప్పేది నాకు వినపడదు."