రెండు కిలోలు

తెల్లవారినా ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున పలచటి వెలుగు, పడమట పిండకుండా ఆరేసిన బట్టలా మబ్బు. కాటాయన ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ వంగి కాటా కింద చెక్కముక్క దోపాడు. గిన్నెడు నీళ్ళు కాటా బల్ల మీద పెట్టాడు. నీళ్ళు ఒక పక్కకు ఒరిగాయి. ఇంకో పలచని చెక్క దోపాడు. నీళ్ళు కుదురుకున్నాయి. అప్పుడు ఇరవై కిలోల ఇనపరాయి ఎక్కించి, దండె మీద ఇత్తడి గుండును గోటితో జరిపాడు. దండె రెండుసార్లు ఊగి సమంగా నిలిచింది.

ఏడాదంతా గోదాములో బస్తాలు తూచే మనిషి. కోతలయ్యాక జరిగే ఊరి సంబరంలో మాత్రం గుమ్మడికాయలు తూస్తాడు. అందరికన్నా పెద్దకాయ పండించినవాడి పేరు సంబరాల గదిలోని నల్లచెక్క మీద చెక్కుతారు. తాతల నాటి చెక్క. ముప్పై ఏళ్ళుగా దాని మీదికెక్కిన ప్రతి పేరూ ఇతని నోటి మాటతో ఎక్కిందే.

ఇతని అన్న పేరు దాని మీద లేదు.

పదకొండేళ్ళ కిందట ఎక్కవలసింది. ఆ ఏడు అన్న కాయను ఇద్దరు పట్టుకుని కాటా మీద పెట్టారు. వెనక నుంచి ఎవరో, "ఇంకేం, కాటా కూడా ఇంటిదేగా!" అన్నారు. జనం నవ్వారు. కాటాయన చెవులు వేడెక్కాయి. దండె నలభై మూడున్నర దగ్గర నిలిచింది. అతని నోరు నలభై ఒకటిన్నర అంది. నలభై రెండు తూగిన వడ్రంగి కాయ గెలిచింది. అన్న తలాడించి, తన కాయను బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం వెళ్ళి చెబుదామనుకున్నాడు కాటాయన. సాయంత్రం కాస్తా మర్నాడైంది. మర్నాడు కాస్తా పదకొండేళ్ళయింది.

"ఏమయ్యా కాటాయనా, నన్ను తూచి ఓ పది కిలోలు తగ్గించి చెప్పరాదూ! మా ఆయన మురిసిపోతాడు" అంది బుడగలమ్మే ఆవిడ.

"సొంత అన్నకే వీసమెత్తు కలపనివాడు, నీకు తగ్గిస్తాడా అక్కా?" అన్నాడు వడ్రంగి. మెచ్చుకోలుగానే అన్నాడు.

కాటాయన భుజం మీద లేని దుమ్ము దులుపుకున్నాడు.

పొద్దెక్కాక వదిన తోపుడుబండి మీద కాయ తెచ్చింది. ఆరు నెలలుగా అన్న మంచం దిగలేదు. కిటికీలోంచి ఆయన చెబుతుంటే ఆవిడ పెంచిన కాయ.

"పొద్దున్నించీ మెతుకు ముట్టలేదయ్యా మీ అన్న. తూకం తెలిశాకే తింటాడట. చంటిపిల్లలు నయం."

కాయ కాటా ఎక్కింది. ముప్పై ఆరు. అప్పటిదాకా పెద్దది ముప్పై ఏడు, అదీ వడ్రంగిదే. గుండు మీద కాటాయన వేలు ఆగింది. జనం అవతల మేళం వైపు చూస్తున్నారు. ఆనాడు తీసేసిన రెండు కిలోలు ఇప్పుడు కలిపేస్తే సరి. వడ్రంగి పక్కనే నిలబడి, వదినకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకున్నాడు.

"ముప్పై ఆరు" అన్నాడు కాటాయన.

"అంతేనా?"

"అంతే వదినా."

"అయితే ఆ మాట నువ్వే వచ్చి చెప్పు. నా వల్ల కాదు."

తూకాలన్నీ అయ్యాక బండి తోసుకుంటూ వదిన వెనకే నడిచాడు. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. 'అన్నా, ఆ ఏడు నేను' దాకా వచ్చేవాడు. ఆ తర్వాతి మాట తోచక మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు.

అన్న కిటికీ పక్క మంచంలో దిండుకు ఆనుకుని ఉన్నాడు. చేతులు ఎండిన తీగల్లా ఉన్నాయి.

"ఎంతరా?"

"ముప్పై ఆరు."

"ఊఁ. పిండిమర కాటాలోనూ అంతే వచ్చింది."

గుమ్మం ముందు బండి దింపుతున్న కాటాయన చేతులు ఆగిపోయాయి. "అక్కడ తూయించావా?"

"ప్రతి ఏడూ తూయిస్తాగా, ముందు రోజే. నిన్న మీ వదిన లేనప్పుడు మర కుర్రాడు వచ్చి పట్టుకెళ్ళాడు. మనసు ఆగదు."

"అన్నా, ఆ ఏడు..."

"అన్నం చల్లారిపోతోంది. కూర్చోరా."

వదిన మూడు పళ్ళేలు పెట్టింది. ముగ్గురూ తినసాగారు. అన్న నాలుగు ముద్దలు తిని, పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాటాయన తలెత్తలేదు. ఒక్కో ముద్దకూ ఒక్కో మాట కూడదీసుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది.

"అన్నా" అన్నాడు.

వదిన అప్పటికే లేచి మంచం దగ్గర ఉంది. ఆవిడ చెయ్యి అన్న భుజం మీద ఉంది. "ఏమండీ" అంది. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. ఇంకోసారి అనలేదు. మెల్లగా దుప్పటి సర్దింది.

కాటాయన ఎంగిలి చేత్తో అలాగే నిలబడ్డాడు. అన్న ముఖం తిరిగి ఉన్న గోడకు, మంచంలోంచి చెయ్యి చాస్తే అందే ఎత్తులో, ఒక మేకు ఉంది. దానికి ఎండి బెరడైన గుమ్మడి తొడిమ, తొడిమకు దారంతో కట్టిన అట్టముక్క, అట్టముక్క మీద అన్న దస్తూరీలో నలభై మూడున్నర.