తాటి దూలాల మండపం

సూర్యకాంతమ్మ పేరులో సూర్యుడున్నాడు గానీ, ఆ సూర్యుణ్ణి తిన్నగా చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. భీమవరానికి పడమట, కాలువ గట్టును ఆనుకుని ఉన్న రాజుల లోగిలి అది. గోదావరికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటింది, కాలువల్లో నీళ్ళు పారుతున్నాయి, పడవలు తిరుగుతున్నాయి, ఊరంతా ఎటో ఒకవైపు కదులుతోంది. ఆ ఇంటి ఆడవాళ్ళకు మాత్రం ఘోషా. పరాయి మగవాడి కంట పడకూడదు, సరే. వాడి చెవిన గొంతు కూడా పడకూడదు. భర్త అన్నగారికి ఎదురుపడకూడదు, ఆయనతో పలకకూడదు. ఇన్ని కూడదుల మధ్య మనిషి బతకాలంటే నడుమ ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి అప్పాయమ్మ.

అప్పాయమ్మ ఆవిడ పెళ్ళప్పుడు పుట్టింటి నుంచి వెంట వచ్చిన పనిమనిషి. ఇంటికి పెద్దయిన బావగారు ఆంజనేయరాజు ముందు సావిట్లో ఉంటాడు. సూర్యకాంతమ్మ వెనక గదిలో ఉంటుంది. అప్పాయమ్మ మాటలు మోసుకుంటూ మధ్యనున్న మండువా దాటి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. భర్త ఉన్నప్పుడూ అంతే, ఆయన పోయి ఎనిమిదేళ్ళయ్యాకా అంతే. మరదలి గొంతు సన్నగా ఉంటుందో బొంగురుగా ఉంటుందో ఆంజనేయరాజుకు నేటి వరకూ తెలియదు.

వెనక గది వంటింటి గోడను ఆనుకుని ఉంది. సూర్యకాంతమ్మది ఉబ్బసం ఒళ్ళు. వానాకాలం వచ్చిందంటే గోడలు చెమ్మ పట్టేవి, తడి కట్టెల పొగ దారి దొరక్క ఆ గదిలోనే తారట్లాడేది. కిందటి శ్రావణమంతా ఆవిడ పడుకోలేదు. మంచం మీద కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదుకున్నట్టు లాక్కుంది. వైద్యుడు చేతులెత్తేసినంత పని చేశాడు. మళ్ళీ వానల్లో ఈ గదిలోనే ఉంచితే తాను పూచీ పడలేనని, మందుకంటే ముందు గాలి కావాలని చెప్పి వెళ్ళాడు.

అప్పుడు పుట్టింది మండపం మాట. పెరటి తోట చివర, కాలువ వైపు, పగలూ రాత్రీ మనిషి ఉండగలిగేటట్టు ఒక మండపం కట్టించాలని ఆంజనేయరాజు అన్నాడు. అంతకుముందు అక్కడ వెదురు పందిరి ఒకటి ఉండేది. గాలివానకు లేచిపోయి ఎవరి చేలోనో పడింది. అందుకని ఈసారి కట్టేది గట్టిగా ఉండాలన్నది ఆయన పట్టుదల.

ఫాల్గుణంలో ఒక పొద్దున్న వడ్రంగి వీరబ్రహ్మాన్ని పిలిపించి, కరణం గారితో సహా తోటలో నిలబడి తర్జనభర్జన మొదలుపెట్టారు. సూర్యకాంతమ్మ కిటికీ రెక్క ఓరగా వేసి కూర్చుని అంతా విన్నది. కరణం గారు ఎక్కడో లాకుల దగ్గర ఇనప స్తంభాలు చూశాడట, ఇనుమైతే తరాలు నిలుస్తుందన్నాడు. సముద్రం గాలికి తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతుందని వీరబ్రహ్మం కొట్టిపారేశాడు. అతని మనసంతా టేకు మీద ఉంది. స్తంభాలకు చెక్కడం పని చేయొచ్చు, నలుగురూ చూసి ఎవరి చేతి పనని అడుగుతారు. కానీ టేకు రాజమహేంద్రవరం కలప అడితిలోంచి పడవ మీద రావాలి. మరమ్మతులకని కాలువలు కట్టేసే రోజులు దగ్గర పడ్డాయి. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఒక్క దుంగ కూడా కదలదు. తాటి కర్రైతే పక్కనే ఉంది. చేలగట్టు మీద మామగారి నాటి ముసలి చెట్లు, నల్లగా చేవదేరినవి. కొట్టి, చీల్చి, మొదళ్ళు కాల్చి పాతితే చెద పట్టదు, గాలికి కదలదు. చూపుకే మోటు.

ఎటూ తేలలేదు. చివరకు ఆంజనేయరాజు ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనని మాట అన్నాడు.

"కూర్చునేది ఆవిడ. ఏ కర్రో ఆవిడే చెప్పాలి. అప్పాయమ్మా, లోపల అడిగొచ్చి సావిట్లో నాతో చెప్పు."

కిటికీ వెనక సూర్యకాంతమ్మకు కాసేపు తన చెవుల మీద నమ్మకం కలగలేదు. తనకు ఏం కావాలని ఈ ఇంట్లో అడగగా వినడం అదే మొదలు. ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. అప్పాయమ్మ గదిలోకి వచ్చేసరికే జవాబు సిద్ధంగా ఉంది.

"తాటివే చాలని చెప్పు. మన గట్టు మీదవే కొట్టించమను. కాలువ కనపడాలి, వానలకు ముందే నిలబెట్టాలి. ఇంకేం వద్దు."

"తాటివా అమ్మా?" అంది అప్పాయమ్మ.

"తాటివే."

అప్పాయమ్మ ఒక్క క్షణం నిలబడి, పమిట సర్దుకుని, మండువా దాటి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వత్తి ఎగదోస్తూ, మొహం ఇటు తిప్పకుండానే, టేకుకే ఖాయం చేశారని చెప్పింది.

సూర్యకాంతమ్మకు కోపం రాలేదు. కోపానికి ఓపిక కావాలి. మరి అడగడం దేనికి అనుకుంది, అంతే. ఇలాంటిది కొత్త కూడా కాదు. ఎనిమిదేళ్ళ కిందట భర్త దావా పని మీద రాజమహేంద్రవరం వెళ్ళి, అక్కడే జ్వరంతో మంచాన పడ్డాడు. నన్ను పడవ ఎక్కించండి, నాలుగు వైపులా తెరలు కట్టి అయినా సరే తీసుకెళ్ళండి అని ఆవిడ బావగారికి కబురంపింది. మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పడవ రాలేదు. రోజులు గడిచాక వార్త వచ్చింది. ఆనాటి నుంచి ఆవిడ ఆ ముందు సావిడిని ఏమీ అడగలేదు. పెట్టింది తిన్నది, ఇచ్చింది కట్టుకుంది. ఇన్నాళ్ళకు వాళ్ళే అడిగారు కదా అని నోరు తెరిస్తే, ఇదిగో, ఇదీ సంగతి.

వేసవి నడిచింది. కాలువ ఎండి అడుగున బురద బీటలు వారింది. ఎప్పటికప్పుడు టేకు బయల్దేరుతోందని, బయల్దేరిందని, ఎక్కడో ఆగిందని అప్పాయమ్మ కబుర్లు తెచ్చేది. నీళ్ళు వదిలాక, గోదావరి ఎర్రబడే రోజుల్లో, మొత్తానికి పడవ వచ్చింది. దుంగలు దించి పెరట్లో పేరుస్తుంటే ఆ వాసన కిటికీ దాకా వచ్చింది. మంచి వాసనే. కానీ అప్పటికే మొదటి వానలు పడి గోడ అడుగున చెమ్మ గీత మొలిచింది. సూర్యకాంతమ్మ రోజూ దాన్ని చూస్తూ ఉండేది. అది జానెడు ఎక్కింది, తరవాత మూరెడు ఎక్కింది. పెరట్లో మాత్రం ఉలి చప్పుడు లేదు.

శ్రావణంలో జబ్బు తిరగబెట్టింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఊపిరి అందక ఆవిడ గోళ్ళు నీలంగా మారాయి. వంటింట్లో పొయ్యిలన్నీ ఆర్పించారు. కాస్త తెరిపిన పడ్డాక, ఎన్నడూ లేనిది, ఆంజనేయరాజు మండువా దాటి వెనక గది గుమ్మం దాకా వచ్చాడు. తెర అవతల నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అప్పాయమ్మా, అమ్మగారితో చెప్పు. వచ్చిన కలప పచ్చిది. ఇప్పుడు కోస్తే వంకర తిరుగుతుందంటున్నాడు వీరబ్రహ్మం. కార్తీకం దాకా ఓపిక పట్టాలి. నేను తాటివే వేయిద్దామనుకున్నాను. టేకు తప్ప వద్దని ఆవిడ అంత పట్టుగా కబురంపితే కాదనలేకపోయాను. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే."

మంచం పక్కన నేల మీద కూర్చున్న అప్పాయమ్మ తల ఎత్తలేదు. సూర్యకాంతమ్మ ఆమె వంక చూసింది. ముందు అర్థం కాలేదు. తరవాత మెల్లగా, గోడకు చెమ్మ ఎక్కినట్టు, అర్థమవుతూ వచ్చింది. అలసట అనేది ఒళ్ళంతా ఉంటుందని ఆవిడకు తెలుసు గానీ, వెనక్కి గడిచిపోయిన ఏళ్ళలో కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

దిండు పక్కకు తోసి, మంచం పట్టె పట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది.

"తాటివే... అన్నానండి."

 ఆంజనేయరాజు విన్నాడు, వినకపోవడానికి వాళ్ళ మధ్య ఉన్నది గుడ్డ ఒక్కటే. అయినా ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. తమ్ముడి భార్య మాట తిన్నగా పుచ్చుకోవడం చేతకాలేదు.

"అప్పాయమ్మా," అన్నాడు. "అమ్మగారు ఏమన్నారు?"

అప్పాయమ్మ లేచి తెర దగ్గరకు వెళ్ళింది. 

"తాటివే అన్నారండి. ఆనాడు కూడా తాటివే అన్నారండి. నేనే మార్చానండి."

 ఆయన అడుగుల చప్పుడు మండువా దాటి వెళ్ళింది. మర్నాడు వాన ఆగీ ఆగకముందే చేలగట్టు మీద గొడ్డళ్ళు మోగాయి. టేకు దుంగల మీద తాటాకులు కప్పి వాటి మానాన వాటిని వదిలేశారు. వీరబ్రహ్మం తన చెక్కడం పని మనసులోనే దాచుకుని, మారు మాట్లాడకుండా తాటి మొద్దులు చీల్చి, మొదళ్ళు కాల్చి, నాలుగు మూలలా పాతాడు. పైన దూలాలు వేసి తాటాకు కప్పాడు. మోటుగా, నల్లగా, ఎవరికీ జంకనట్టుగా నిలబడింది ఆ మండపం. కాలువ వైపు మాత్రం అతను అలవాటు ప్రకారం నిలువెత్తు తడిక కట్టాడు. పడవల మీద మగవాళ్ళు పోతుంటారు మరి.

తోటలోకి రాకూడదని మగవాళ్ళందరికీ చెప్పి, సూర్యకాంతమ్మను నడిపించుకొచ్చి మండపంలో కూర్చోబెట్టారు. తడిక చివరి కట్లు బిగించడానికి వీరబ్రహ్మం ఒక్కడే అవతలి వైపు ఉండిపోయాడు. గాలి వచ్చింది. తడిక సందుల్లోంచి ముక్కలు ముక్కలుగానే వచ్చినా, గాలే. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు ఊరికే ఊపిరి పీల్చుకుంది. అప్పాయమ్మ స్తంభం పక్కన ఒదిగి కూర్చుంది. తెర దగ్గర ఒప్పుకున్న రోజు నుంచీ ఇద్దరి మధ్యా పనికి తప్ప మాటల్లేవు.

"ఎందుకు మార్చావే?" అంది సూర్యకాంతమ్మ, కళ్ళు తెరవకుండానే.

"తాటి దూలాలు గొడ్లసావిళ్ళకు వేస్తారు గదమ్మా," అంది అప్పాయమ్మ. "రాజుల ఇంటి కోడలు నోరు తెరిచి తాటివి అడిగిందంటే ఆ సావిట్లో మీ పరువేం కానూ? కరణం గారు కూడా అక్కడే ఉన్నాడు. మిమ్మల్ని తక్కువ చేయలేకపోయానమ్మా. జబ్బు ఇంత పని చేస్తుందనుకోలేదు."

అందులో అబద్ధం లేదు. ఆ మనిషి ఆవిడను ప్రాణంగా చూసుకుంది. అదే సూర్యకాంతమ్మకు మరీ కష్టంగా తోచింది. ఎవరినైనా తిట్టడానికి వీలుంటే కొంత తేలికయ్యేది.

తడిక అవతల నీళ్ళ మీద తెడ్డు చప్పుడు వినిపించింది. పడవవాళ్ళు ఏదో మాట్లాడుకుంటూ పోతున్నారు. ఆవిడ కళ్ళు తెరిచి ఆ చప్పుడు వెళ్ళేదాకా విన్నది.

"ఆనాడు పడవ అడిగాను," అంది. "అప్పుడేం చెప్పావు?"

అప్పాయమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. సూర్యకాంతమ్మ తొందరపెట్టలేదు. ఎనిమిదేళ్ళు ఆగిన మనిషికి మరి కాసేపు లెక్కేమిటి.

"అమ్మగారు ధైర్యంగానే ఉన్నారు, ఇక్కడే దేవుడికి దణ్ణం పెట్టుకుంటానన్నారు, అని చెప్పానమ్మా," అంది చివరికి. "ఘోషా మనిషి పడవెక్కుతానంటే నలుగురూ ఏమనుకుంటారోనని. అయ్యగారు జ్వరం తగ్గి లేచి వచ్చేస్తారనుకున్నానమ్మా. బావగారు రెండోసారి కూడా అడిగారు, నిజంగానే రానన్నారా అని."

సూర్యకాంతమ్మ ఏడవలేదు. అన్నేళ్ళూ ముందు సావిడి మీద పెట్టుకున్న బరువు అక్కణ్ణుంచి దిగిపోయింది, అయితే దాన్ని మళ్ళీ పెట్టడానికి ఎక్కడా చోటు కనపడలేదు. అప్పాయమ్మ కుమిలిపోతుంటే చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టబోయి, మధ్యలోనే ఆపేసింది.

తరవాత తడిక వైపు తిరిగింది.

"వీరబ్రహ్మం, ఈ తడిక విప్పెయ్యి."

అవతల కడుతున్న చేతులు ఆగిపోయాయి. వీరబ్రహ్మం తడిక పక్కనుంచి తల మాత్రం పెట్టి తొంగిచూసి, అలవాటు చొప్పున అప్పాయమ్మ వంక చూశాడు, అమ్మగారు ఏమన్నారో చెబుతుందని. అప్పాయమ్మ తల వంచుకునే ఉంది. ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు.

వీరబ్రహ్మం నడుముకున్న కత్తి తీసి, కట్లు కోయడం మొదలుపెట్టాడు.